లోపలి పేరు, బయటి పేరు: కమాండ్ లైన్ ఆప్షన్ల గురించి ఒక ప్రసంగం

(హైదరాబాద్ మాదాపూర్‌లో ఒక శనివారం సాయంత్రం ప్రోగ్రామర్లు కలుసుకున్నప్పుడు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం.)

అందరికీ నమస్కారం. వెనక వరుసలో వాళ్లకు వినపడుతోందా? వినపడకపోతే చెయ్యెత్తండి. ముందు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, మొహమాటపడకుండా రండి.

మొదలుపెట్టే ముందు ఒక ప్రశ్న. మీలో మహాత్మా గాంధీ బస్ స్టేషన్‌కి వెళ్లినవాళ్లు ఎంతమంది? దాదాపు అందరూ. సరే. ఆటో ఎక్కి "మహాత్మా గాంధీ బస్ స్టేషన్‌కి పోనివ్వండి" అని అన్నవాళ్లు? ఒక్క చెయ్యీ లేవలేదు. ఇమ్లీబన్ అంటాం. లేదా ఎంజీబీఎస్ అంటాం. ఇమ్లీబన్ అంటే చింతల తోపు. లక్డీకాపూల్ అంటే కర్ర వంతెన. మీలో చాలామంది రోజూ ఆ దారినే వస్తారు, పోతారు. కర్ర వంతెన ఎవరికైనా కనపడిందా? వంతెన ఎప్పుడో పోయింది, పేరు జనం నోట్లో ఉండిపోయింది.

ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, మనం రాసే ప్రోగ్రాములకు కూడా కాగితాల మీద ఉండే పేరు ఒకటి, జనం వాడే పేరు ఒకటి ఉంటాయి. క్లాసులో, అంటే కోడ్‌లో మనం రాసుకునే అచ్చులో, ఒక్కో విలువకు పెట్టుకునే ఆట్రిబ్యూట్ పేరు కాగితం మీది పేరు. టెర్మినల్‌లో, అంటే కమాండ్లు టైప్ చేసే తెర మీద, రెండు గీతలు కొట్టి మనిషి టైప్ చేసే ఆప్షన్ పేరు జనం నోట్లోది. ఈ రెండూ ఒకటే అయి తీరాలని ఎక్కడా లేదు. కానీ మనం వాడే లైబ్రరీలు చాలావరకు, మనం ఏమీ చెప్పకపోతే, రెండింటినీ ఒకటే చేసేస్తాయి. అక్కడే చిక్కు వస్తుంది. ఈ సాయంత్రం నేను చెప్పేదంతా ఆ చిక్కు గురించే.

ముందు కొంచెం వెనక్కి వెళ్దాం. యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం తొలిరోజుల్లో ప్రతి ప్రోగ్రాం తన ఆప్షన్లను తనకు నచ్చినట్టు చదువుకునేది. ఆ గుర్తులు ఇప్పటికీ ఉన్నాయి. టార్ అనే కమాండ్‌కు గీత పెట్టకుండానే ఎక్స్-వీ-ఎఫ్ అని రాయొచ్చు. నడుస్తున్న ప్రోగ్రాములను చూపించే పీఎస్ కమాండ్‌కు ఏ-యూ-ఎక్స్ అని రాస్తాం, దానికీ గీత ఉండదు. డీడీ అయితే మరీ వేరు, దానికి ఐఎఫ్ ఈక్వల్స్, ఓఎఫ్ ఈక్వల్స్ అని రాయాలి. ఈ గందరగోళానికి ఒక కట్టు వెయ్యాలని గెట్‌ఆప్ట్ అనే ఫంక్షన్ వచ్చింది. సిస్టం త్రీ అనే యూనిక్స్ వెర్షన్‌తో బయటికొచ్చింది. 1985లో డాలస్‌లో జరిగిన యూనిఫోరం అనే యూనిక్స్ సదస్సులో, యూనిక్స్ తయారుచేసిన ఏటీ అండ్ టీ వాళ్లు దాని సోర్సును అందరికీ ఇచ్చేశారు. అప్పటికి ఆప్షన్ అంటే ఒకే ఒక్క అక్షరం. యూనిక్స్ లాంటి సిస్టంలకు ప్రమాణమైన పోసిక్స్ నియమాల్లో ఇప్పటికీ అంతే. రెండు గీతలు, వాటి తర్వాత పూర్తి పదం, ఈ పద్ధతిని బాగా వ్యాప్తి చేసింది గ్నూ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు వాళ్లు.

ఒక్క అక్షరంతో సరిపెట్టుకోవాలంటే ఎంత ఇబ్బందో మీకు తెలుసు. వేరే కంప్యూటర్‌లోకి లాగిన్ అయ్యే ఎస్ఎస్‌హెచ్‌లో పోర్టు నంబర్ ఇవ్వాలంటే చిన్న పీ. అలాగే ఫైళ్లు కాపీ చేసే ఎస్‌సీపీలో ఇవ్వాలంటే పెద్ద పీ. ఎందుకు? ఎస్‌సీపీలో చిన్న పీ అప్పటికే వేరే పనిలో ఉంది, ఫైలు తేదీలు, అనుమతులు మారకుండా కాపీ చెయ్యడానికి. నాకైతే ఇన్నేళ్ల తర్వాత కూడా ఒక్క క్షణం చెయ్యి ఆగుతుంది. చిన్న వీ అంటే ఏమిటి? కొన్నిచోట్ల ఎక్కువ వివరాలు చూపించు అని, కొన్నిచోట్ల వెర్షన్ చెప్పు అని, ఫైళ్లలో మాటలు వెతికే గ్రెప్‌లో అయితే ఈ మాట లేని లైన్లు చూపించు అని. పూర్తి పదాలు వచ్చాక ఈ కష్టం తగ్గింది. తగ్గింది కానీ కొత్త కష్టం ఒకటి వచ్చింది. పదం ఎంచుకోవాలి. ఎవరు ఎంచుకోవాలి?

ఇప్పుడు ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రాముల సంగతికి వద్దాం. నేను పెర్ల్ భాషలో చెబుతాను, ఎందుకంటే ఈ విషయం నేను దెబ్బ తిని నేర్చుకున్నది అక్కడే. పైథాన్, జావా వాళ్లు కంగారు పడకండి, మీ దగ్గరికీ వస్తాను. పెర్ల్‌లో మూస్ అని ఒక ఆబ్జెక్ట్ వ్యవస్థ ఉంది, 2006లో వచ్చింది, రాసినాయన స్టీవన్ లిటిల్. దానికి తోడుగా మూస్‌ఎక్స్ గెట్‌ఆప్ట్ అని ఒక మాడ్యూల్ ఉంది. అదేం చేస్తుందంటే, మీ క్లాసులో దాని రోల్‌ను, అంటే క్లాసుకు అతికించుకునే కోడ్ ముక్కను, కలిపితే చాలు, మీ ఆట్రిబ్యూట్లు అన్నీ కమాండ్ లైన్ ఆప్షన్లు అయిపోతాయి. ఆబ్జెక్టు తయారుచేసుకోవడానికి న్యూ అని పిలిచే చోట న్యూ విత్ ఆప్షన్స్ అని పిలుస్తాం. ఆట్రిబ్యూట్ టైపు పూర్ణ సంఖ్య అయితే ఆప్షన్ పూర్ణ సంఖ్యే తీసుకుంటుంది. బూలియన్, అంటే అవును-కాదు రకం, అయితే విలువ అక్కర్లేదు, పేరు రాస్తే చాలు, ముందు 'నో' చేర్చి రాస్తే లేదు అని అర్థం. లిస్టు అయితే అదే ఆప్షన్‌ను మళ్లీ మళ్లీ రాయొచ్చు. ఆట్రిబ్యూట్‌కు డాక్యుమెంటేషన్ అని ఒక వాక్యం రాస్తే అది హెల్ప్‌లో కనపడుతుంది.

మొదటిసారి చూసినప్పుడు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ముప్పై నలభై లైన్ల చెత్త పని ఒక్క లైన్‌తో పోయింది. ఈ మాడ్యూల్ మంచిదని నేను ఇప్పటికీ అంటాను. దాన్ని తప్పు పట్టడానికి రాలేదు నేను. కానీ ఆ సంతోషంలో ఒక సంగతి గమనించలేదు. క్లాసులో ఆట్రిబ్యూట్‌కు నేను పెట్టిన పేరు, నాకు తెలియకుండానే, వేరేవాళ్ల స్క్రిప్టుల్లోకి వెళ్లి కూర్చుంటోంది.

ఏం జరిగిందో చెబుతాను. పన్నెండేళ్ల కిందటి మాట. అప్పుడు నేను పనిచేసిన చోట, రాత్రిపూట వేరువేరు ఊళ్లలోని దుకాణాల నుంచి ఆ రోజు అమ్మకాల ఫైళ్లు తెచ్చే ప్రోగ్రాం ఒకటి ఉండేది. రాసింది నేనే. ఒక ఫైలుకూ ఇంకో ఫైలుకూ మధ్య కొన్ని సెకన్లు ఆగాలి, లేకపోతే అవతలి సర్వర్ మీద బరువు పడుతుంది. దానికి డిలే అని ఒక ఆట్రిబ్యూట్ పెట్టాను. కాబట్టి --డిలే అనే ఆప్షన్ దానంతట అదే వచ్చింది.

కొన్నాళ్లకు డిలే అనే మాట నాకు నచ్చలేదు. దేనికి డిలే, ఎంత డిలే, సెకన్లా నిమిషాలా ఏమీ తెలియట్లేదు కదా? వెయిట్ సెకండ్స్ అని మార్చాను. మంచి మార్పే. అదే వారం ఇంకో అవసరం వచ్చింది, డిస్క్ నిండిపోతోంది, పాత ఫైళ్లు తీసెయ్యాలి. డిలీట్ ఓల్డ్ అని ఒక బూలియన్ ఆట్రిబ్యూట్ చేర్చాను. మామూలుగా అది ఆఫ్‌లో ఉంటుంది. టెస్టులు నడిపాను, అన్నీ పాసయ్యాయి. సర్వర్ మీద పెట్టి ఇంటికెళ్లాను.

మా నైట్ షిఫ్ట్ మిత్రుడు ఒకాయన క్రాన్‌లో, అంటే చెప్పిన వేళకు కమాండ్లను నడిపే ఏర్పాటులో, ఆ కమాండ్ ఎలా రాశాడో తెలుసా? --డిలే 5 అని రాయలేదు. డీ, ఈ, ఎల్, ఆ మూడక్షరాలే రాశాడు. --డెల్ 5. రెండేళ్లుగా అలాగే పనిచేస్తోంది. ఎందుకు పనిచేస్తోంది? మూస్‌ఎక్స్ గెట్‌ఆప్ట్ లోపల వాడుకునే గెట్‌ఆప్ట్ లాంగ్ అనే పెర్ల్ మాడ్యూల్‌కు ఒక అలవాటు ఉంది. ఆప్షన్ పూర్తి పేరు రాయక్కర్లేదు, ఇంకో ఆప్షన్‌తో కలిసిపోనంత వరకు మొదటి కొన్ని అక్షరాలు రాసినా చాలు. పైథాన్‌లో ఆప్షన్లు చదివే ఆర్గ్‌పార్స్ లైబ్రరీకి కూడా ఇదే అలవాటు. టైప్ చేసేవాళ్లకు ఇది సౌకర్యం. సరే.

ఇప్పుడు ఒక్క నిమిషం మీరే ఆలోచించండి. డిలే, డిలీట్, ఇంగ్లీషులో రెండూ డీ-ఈ-ఎల్‌తోనే మొదలవుతాయి. రెండూ క్లాసులో ఉండి ఉంటే ప్రోగ్రాం ఏమనేది? "ఇది రెండు ఆప్షన్లకూ సరిపోతోంది, ఏది కావాలో చెప్పు" అని ఆగిపోయేది. కానీ డిలే పోయింది, పేరు మార్చేశాను కదా. డీ-ఈ-ఎల్‌తో మొదలయ్యే ఆప్షన్ ఇప్పుడు ఒక్కటే మిగిలింది. ఏది?

అవును. డిలీట్ ఓల్డ్.

మరి ఆ 5 ఏమైంది? డిలీట్ ఓల్డ్ బూలియన్ కాబట్టి దానికి విలువ అక్కర్లేదు. 5 విడిగా పడింది. మూస్‌ఎక్స్ గెట్‌ఆప్ట్ అలా విడిగా పడ్డవాటిని ఎక్స్‌ట్రా ఆర్గ్‌వీ అనే లిస్టులో వేసి ఊరుకుంటుంది. నా ప్రోగ్రాం ఆ లిస్టు వైపు చూసేదే కాదు. రాత్రి రెండింటికి క్రాన్ నడిచింది. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు. పాత ఫైళ్లన్నీ పోయాయి. ఆదివారం తీసిన బ్యాకప్ ఉంది కాబట్టి చాలావరకు వెనక్కి వచ్చాయి. మిగిలిన రోజుల ఫైళ్ల కోసం ప్రతి దుకాణానికీ ఫోన్ చేసి మళ్లీ పంపమని బతిమాలుకున్నాం. ఆ ఫోన్లు చేసిన రోజు నాకు ఇప్పటికీ కళ్లముందే ఉంది. అవతల దుకాణాల్లో వాళ్లు తమ పని మానుకుని, మా కోసం పాత లెక్కలు వెతికి పంపారు.

తప్పు ఎవరిది? నైట్ షిఫ్ట్ ఆయనదా? ఆయన రాసింది నియమాల ప్రకారం సరైనదే. లైబ్రరీదా? అది ఏం చేస్తుందో డాక్యుమెంటేషన్‌లో రాసే ఉంది. తప్పు నాది. నేను క్లాసు లోపల ఒక పేరు మారుస్తున్నానని అనుకున్నాను. నిజానికి ఊరందరి నోట్లో ఉన్న పేరు మార్చాను. ఎవరికీ చెప్పకుండా మార్చాను.

ఇంకో సంగతి. టెస్టులు ఎందుకు పాసయ్యాయి? ఎందుకంటే నా టెస్టులన్నీ న్యూ అని పిలిచి, కొత్త పేరుతో విలువలు ఇచ్చి, ఆబ్జెక్టు తయారుచేసుకునేవి. అంటే ఇంటి వెనక తలుపు నుంచి లోపలికి వెళ్లి, ఇల్లు బాగానే ఉందని చెప్పేవి. ముందు తలుపు నుంచి, అంటే నిజంగా కమాండ్ లైన్ మాటలు ఇచ్చి, లోపలికి వచ్చిన టెస్టు ఒక్కటీ లేదు. దయచేసి ఇది రాసుకోండి. జనం వాడే కమాండ్ ఎలా ఉంటుందో అచ్చం అలాగే, ఆర్గ్‌వీని, అంటే కమాండ్ లైన్ మాటల లిస్టును, నింపి, న్యూ విత్ ఆప్షన్స్ పిలిచే టెస్టులు కొన్నయినా ఉండాలి. క్రాన్‌లో ఉన్న లైన్లను ఉన్నవి ఉన్నట్టుగా తెచ్చి టెస్టుల్లో పెట్టండి.

సరే, మందు ఏమిటి? మందు ఆ మాడ్యూల్‌లోనే ఉంది. నేను చదవలేదంతే. ఆట్రిబ్యూట్‌కు గెట్‌ఆప్ట్ అనే ట్రెయిట్, అంటే అదనపు గుణం, పెడితే, అక్కడ కమాండ్ ఫ్లాగ్ అని బయటి పేరు విడిగా చెప్పొచ్చు. కమాండ్ ఏలియాసెస్ అని ఇంకొన్ని పేర్లు కూడా చేర్చొచ్చు. ఆట్రిబ్యూట్ వెయిట్ సెకండ్స్, ఫ్లాగ్ డిలే, ఏలియాస్ ఒక చిన్న డబ్ల్యూ. ఇలా రాసి ఉంటే లోపల నేను వంద పేర్లు మార్చినా బయటవాళ్లకు తెలిసేది కాదు.

ఒక్కసారి లెక్కపెట్టండి, ఒకే విలువకు ఎన్ని పేర్లు ఉన్నాయో. ఆట్రిబ్యూట్ పేరు ఒకటి. దాన్ని చదివే మెథడ్ పేరు ఒకటి, రీడర్ అంటాం. కన్‌స్ట్రక్టర్‌కు ఇచ్చేటప్పటి పేరు ఒకటి, మూస్‌లో ఇనిట్ ఆర్గ్ అంటాం. కమాండ్ లైన్ ఫ్లాగ్ ఒకటి. నాలుగు. మామూలుగా నాలుగూ ఒకటే మాట కాబట్టి మనకు ఒకటే పేరులా కనిపిస్తుంది. కానీ ఆ నాలుగింటినీ వాడే మనుషులు వేరు. ఆట్రిబ్యూట్ పేరు నేను ఒక్కడినే చూస్తాను. రీడర్, కన్‌స్ట్రక్టర్ పేర్లు నా క్లాసును వాడుకునే తోటి ప్రోగ్రామర్లు చూస్తారు. వాళ్లకు కోడ్ ఉంది, వెతుక్కుంటారు, ఎడిటర్ చూపిస్తుంది. ఫ్లాగ్ చూసేది ఎవరు? రాత్రి రెండింటికి నిద్రకళ్లతో టైప్ చేసే మనిషి. ఆయన దగ్గర నా కోడ్ లేదు. ఆయనకు ఉన్నది ఆ పేరు ఒక్కటే.

పైథాన్‌లో ఇదే పని ఎలా? ఆర్గ్‌పార్స్ పైథాన్ 2.7లో, 3.2లో వచ్చింది. అక్కడ మామూలుగా దారి తలకిందులుగా ఉంటుంది. ముందు ఆప్షన్ పేరు రాస్తాం, దాన్నుంచి ఆట్రిబ్యూట్ పేరు పుడుతుంది. ముందున్న రెండు గీతలు తీసేసి, మధ్యలో హైఫన్లు ఉంటే అండర్‌స్కోర్లు చేస్తుంది. వద్దనుకుంటే డెస్ట్ అని రాసి లోపలి పేరు మనమే చెప్పొచ్చు. ఇది చాలాసార్లు తప్పనిసరి కూడా. జనానికి --ఫ్రం, --టు అని రాయడం ఎంత హాయి! కానీ ఫ్రం అనేది పైథాన్ భాషలో రిజర్వ్ చేసిన మాట. ఆర్గ్స్ చుక్క ఫ్రం అని రాస్తే సింటాక్స్ ఎర్రర్. అందుకని కొందరు ఆప్షన్ పేరునే ఫ్రం-డేట్ అని మార్చేస్తారు. భాషకున్న ఇబ్బంది వాడేవాళ్ల మీద ఎందుకు రుద్దాలి? డెస్ట్ రాయండి, లోపల ఏ పేరైనా పెట్టుకోండి, బయట ఫ్రం అనే ఉంచండి. జావాలో పికోక్లీ అనే లైబ్రరీ వాడేవాళ్లకు ఈ బాధ తక్కువ. ఫీల్డు పైన ఆప్షన్ అనే యానొటేషన్ రాసి, అందులో పేర్లన్నీ మనమే ఇస్తాం, కాబట్టి మొదటి రోజు నుంచే రెండూ విడివిడిగా ఉంటాయి.

అండర్‌స్కోర్ మాట వచ్చింది కాబట్టి ఒక చిన్న విషయం. క్లాసులో వెయిట్ అండర్‌స్కోర్ సెకండ్స్ అని రాస్తాం, ఎందుకంటే ఆట్రిబ్యూట్ పేరులో హైఫన్ రాయలేం, అది తీసివేత గుర్తు. కానీ టెర్మినల్‌లో జనానికి హైఫన్ అలవాటు. షిఫ్ట్ నొక్కక్కర్లేదు కదా. మూస్‌ఎక్స్ గెట్‌ఆప్ట్ డాషెస్ అనే రోల్ కలిపితే ఆ మార్పు అదే చేసేస్తుంది. ఒకే ప్రోగ్రాంలో కొన్ని ఆప్షన్లకు హైఫన్, కొన్నింటికి అండర్‌స్కోర్ ఉంటే మాత్రం వాడేవాళ్లను చాలా విసిగిస్తుంది. ఏదో ఒకటి పట్టుకోండి.

ఇప్పుడు వారసత్వం. ఇది కాస్త జాగ్రత్తగా వినండి. మీ క్లాసు ఇంకో క్లాసు నుంచి వస్తుంది. ఆ పై క్లాసులో ఆట్రిబ్యూట్లు ఉన్నాయి. రోల్స్ కలిపారు, వాటిలోనూ ఆట్రిబ్యూట్లు ఉన్నాయి. మూస్‌ఎక్స్ గెట్‌ఆప్ట్ మీరు రాసినవి మాత్రమే చూడదు, వారసత్వంగా వచ్చినవన్నీ చూస్తుంది. తాతల నాటి పొలం ఎంత ఉందో తెలియకుండానే దానికి హక్కుదారులైనట్టు, మీరు కలలో కూడా అనుకోని ఆప్షన్లు మీ ప్రోగ్రాంకు ఉంటాయి. ఒకసారి మా ప్రోగ్రాంకు హెల్ప్ అని కొట్టి చూస్తే పాస్‌వర్డ్ అనే ఆప్షన్ కనపడింది. ఎక్కడిది? డేటాబేస్ రోల్‌లో పాస్‌వర్డ్ అనే ఆట్రిబ్యూట్ ఉంది, అంతే. ఎవరో మంచివాళ్లు అది చూసి వాడటం మొదలుపెట్టారు. లినక్స్‌లో కమాండ్ లైన్ మీద రాసిన పాస్‌వర్డ్ అదే మెషిన్ మీద ఉన్న వేరేవాళ్లకు పీఎస్ కొడితే మామూలుగా కనపడుతుంది. షెల్ హిస్టరీలో కూడా మిగిలిపోతుంది. అది ఆప్షన్‌గా ఉండాల్సిన విషయమే కాదు.

దీనికి మూడు దారులు. ఆట్రిబ్యూట్ పేరు ముందు అండర్‌స్కోర్ పెడితే అది ఆప్షన్ కాదు. నో గెట్‌ఆప్ట్ అనే ట్రెయిట్ పెట్టినా కాదు. కానీ ఈ రెండింట్లోనూ మీరు గుర్తుపెట్టుకుని మరీ దాచాలి. మర్చిపోతే బయటపడుతుంది. మూడోది మూస్‌ఎక్స్ గెట్‌ఆప్ట్ స్ట్రిక్ట్. అందులో మీరు ఆప్షన్ అని చెప్పినవే ఆప్షన్లు, మిగతావేవీ కావు. నన్నడిగితే, మీరు ఒక్కరే వాడుకునే చిన్న స్క్రిప్టుకు మామూలుది చాలు. ఇంకొకరి చేతికి ఇచ్చే ప్రోగ్రాం అయితే స్ట్రిక్టే వాడండి. రెండు లైన్లు ఎక్కువ రాయాలి, నిజమే. ఆ రెండు లైన్లు రాసేటప్పుడే కదా "ఇది బయటికి ఏ పేరుతో వెళ్లాలి?" అని మనం ఆలోచించేది.

ఏ పేరుతో వెళ్లాలి మరి? చేసే పని పేరుతో వెళ్లాలి, జరిగే సంగతి పేరులోనే తెలియాలి. పైథాన్ ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేసే పిప్‌లో ఒక ఆప్షన్ ఉంది, బ్రేక్ సిస్టం ప్యాకేజెస్ అని. రాసేటప్పుడే గుండె ఝల్లుమంటుంది, అలా అనిపించాలనే ఆ పేరు పెట్టారు. వెబ్ నుంచి డేటా తెచ్చే కర్ల్‌లో, సైటు సర్టిఫికెట్ చూడొద్దు అని చెప్పే ఆప్షన్ పేరు ఇన్‌సెక్యూర్. అదే దానికి స్కిప్ చెక్ అని పెట్టి ఉంటే ఎంత తేలిగ్గా రాసేసేవాళ్లం!

బూలియన్లకు 'నో' అని మొదలయ్యే పేరు పెట్టకండి. నో బ్యాకప్ అని ఆట్రిబ్యూట్ రాశారనుకోండి. లైబ్రరీ దానికి వ్యతిరేకాన్ని తయారుచేస్తుంది, ముందు ఇంకో 'నో' చేర్చి. నో నో బ్యాకప్. ఇప్పుడు బ్యాకప్ ఉన్నట్టా, లేనట్టా? బ్యాకప్ అని పెట్టి, మామూలుగా ఆన్‌లో ఉంచండి. వద్దన్నవాళ్లు నో బ్యాకప్ అని రాసుకుంటారు.

ఆ వెనక బాబు ఏదో అడుగుతున్నాడు. గట్టిగా చెప్పమ్మా... ఆప్షన్ పేర్లు తెలుగులో పెట్టొచ్చా అని. మంచి ప్రశ్న. నేను దీని గురించి చాలా ఆలోచించాను. పైథాన్‌లో ఆర్గ్‌పార్స్‌కు తెలుగు అక్షరాల పేరు ఇస్తే తీసుకుంటుంది. కానీ టైప్ చేసే మనిషి కమాండ్ మధ్యలో కీబోర్డు మార్చాలి. పైగా చాలా టెర్మినళ్లలో ఒత్తులు, గుణింతాలు సరిగ్గా కూర్చోవు, కర్సర్ ఎక్కడుందో తెలియదు. పోనీ తెలుగు మాటే ఇంగ్లీషు అక్షరాల్లో రాద్దామా? మా దగ్గర ఒకరు అలా చేశారు. పాత ఫైళ్ల కోసం పాత అని, ఇంగ్లీషులో పీ-ఏ-టీ-ఏ. అది పాతా, పాటా? ఒకరు రెండు ఏలు రాస్తారు, ఒకరు టీ తర్వాత హెచ్ పెడతారు. నోటికి ఎంత దగ్గరగా ఉన్నా, పది మంది పది రకాలుగా రాసే పేరు ఆప్షన్‌గా పనికిరాదు. నేను చేసేది ఏమిటంటే, ఆప్షన్ పేరు తేలికైన ఇంగ్లీషు మాట పెట్టి, దాని హెల్ప్ వాక్యం తెలుగులో రాస్తాను. "ఒక ఫైలుకూ ఇంకో ఫైలుకూ మధ్య ఎన్ని సెకన్లు ఆగాలి" అని. మా దగ్గర ఆ వాక్యాలు చదివాక ఫోన్లు చేసి అడగడం బాగా తగ్గింది. ఒత్తు ఒకటి పక్కకు జరిగినా వాక్యం అర్థమవుతుంది. పేరు అలా కాదు, ఒక్క అక్షరం తేడా వస్తే పనిచెయ్యదు.

చివరిగా, పేరు మార్చక తప్పనప్పుడు ఏం చెయ్యాలి? ఒక్కోసారి తప్పదు. మన బండి నంబర్లే చూడండి. 2014లో తెలంగాణ వచ్చాక కొత్త బళ్లకు టీఎస్ అన్నారు. 2024 మార్చి నుంచి కొత్తవాటికి టీజీ. కింద పార్కింగ్‌లో చూడండి, టీజీ ఉంది, టీఎస్ ఉంది, వెతికితే ఏపీ బండి కూడా ఉంటుంది. కొత్తవి కొత్త పేరుతో వస్తాయి, పాతవి పాత పేరుతోనే తిరుగుతాయి, రోడ్డు మీద ఎవరినీ ఆపలేదు.

కోడ్ మార్పులను నమోదు చేసి ఉంచే గిట్‌లో ఇలాంటివి రెండు చూపిస్తాను. గిట్ డిఫ్‌కు క్యాష్డ్ అనే ఆప్షన్ ఉంది. క్యాష్డ్ అంటే ఏమిటో కొత్తవాళ్లకు అర్థం కాదు. స్టేజ్డ్ అనే ఇంకో పేరు కూడా పెట్టారు. క్యాష్డ్‌ను తీసెయ్యలేదు, రెండూ పనిచేస్తాయి. ఇది ఏలియాస్. అర్థం అదే, పేరు మాత్రమే మెరుగైంది. ఇలాంటప్పుడు పాత పేరును తీసెయ్యాల్సిన పనేం లేదు. హెల్ప్‌లో కొత్త పేరు చూపించండి, పాతది చప్పుడు చెయ్యకుండా పనిచేస్తూ ఉండనివ్వండి. తీసెయ్యాలనే అనుకుంటే ముందు కొన్నాళ్లు హెచ్చరిక ఇవ్వండి. ఆ హెచ్చరిక స్టాండర్డ్ ఎర్రర్‌లో రాయండి, స్టాండర్డ్ అవుట్‌పుట్‌లో కాదు. అవుట్‌పుట్‌లో రాస్తే, పైపు పెట్టి దాన్ని ఇంకో ప్రోగ్రాంకు పంపేవాళ్ల లెక్కల మధ్యలో మీ హెచ్చరిక వచ్చి పడుతుంది.

రెండోది, గిట్ బ్రాంచ్‌కు సెట్ అప్‌స్ట్రీం అనే ఆప్షన్ ఉండేది. దాని వాడకం గందరగోళంగా ఉందని ఆపేశారు. బదులుగా సెట్ అప్‌స్ట్రీం టు అనే ఆప్షన్ ఉంది. ఇప్పుడు చూడండి, పాత పేరును పూర్తిగా తీసేస్తే ఏమవుతుంది? పాత పేరు కొత్త పేరుకు మొదటి సగం! ఎవరైనా అలవాటుగా పాతది కొడితే, సగం పేరు కొట్టారనుకుని గిట్ దాన్ని కొత్తదిగా తీసుకుంటుంది. రెండింటి అర్థాలు వేరు. అందుకని వాళ్లు పాత పేరును తీసెయ్యలేదు. దాచి ఉంచారు. ఎవరైనా ఆ పేరు కొడితే, ఇది ఇప్పుడు లేదు, ట్రాక్ గానీ సెట్ అప్‌స్ట్రీం టు గానీ వాడండి అని చెప్పి ఆగిపోయేలా పెట్టారు. ఇది చదివిన రోజు నేను చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. నా మూడక్షరాల కథ వాళ్లకు ముందే తెలుసు అనిపించింది.

సగం పేర్లు అసలు వద్దనుకుంటే ఆపొచ్చు కూడా. గెట్‌ఆప్ట్ లాంగ్‌లో ఆటో అబ్రీవ్ అనే సెట్టింగ్ ఉంది. పైథాన్ 3.5 నుంచి అలో అబ్రీవ్ ఉంది, దాన్ని ఫాల్స్ చెయ్యాలి. అయితే 3.8 కంటే ముందు వెర్షన్లలో అలా చేస్తే వీ-వీ లాంటి చిన్న అక్షరాలు కలిపి రాయడం కూడా ఆగిపోయేది, చూసుకోండి. కొత్త ప్రోగ్రాం అయితే మొదటి రోజే ఆపెయ్యండి. పాత ప్రోగ్రాంలో ఒక్కసారిగా ఆపితే, ఎన్నాళ్లుగానో సగం పేర్లతో నడుస్తున్న స్క్రిప్టులన్నీ ఆగిపోతాయి.

ఇంకెవరో... ఆ, మీరు అడగండి మేడమ్. ఆ ఫైళ్ల ప్రోగ్రాం ఇప్పుడు ఎలా ఉందని. ఇంకా నడుస్తోంది, ఇప్పుడు చూసుకునేవాళ్లు వేరు. లోపల ఆట్రిబ్యూట్ వెయిట్ సెకండ్స్. బయట --వెయిట్, పాత స్క్రిప్టుల కోసం --డిలే కూడా ఏలియాస్‌గా ఉంది. డిలీట్ ఓల్డ్ పేరును పర్జ్ ఓల్డ్ ఫైల్స్ అని మార్చాం. దాంతో డీ-ఈ-ఎల్‌తో దానికి పోలికే లేకుండా పోయింది. ఆ మూడక్షరాలకు విడిగా ఒక ఆప్షన్ పెట్టాం, హెల్ప్‌లో కనపడదు. అచ్చంగా సరిపోయే పేరు ఉంటే గెట్‌ఆప్ట్ లాంగ్ సగం పేర్ల జోలికి వెళ్లదు. కాబట్టి ఎవరైనా ఇప్పుడు --డెల్ 5 అని కొడితే, ప్రోగ్రాం ఒక్క ఫైలును కూడా ముట్టుకోకుండా, తెలుగులో ఒక లైన్ రాసి ఆగిపోతుంది: "డెల్ అనే పేరు ఇప్పుడు లేదు. ఆగాలంటే వెయిట్ అనీ, పాత ఫైళ్లు తీసెయ్యాలంటే పర్జ్ ఓల్డ్ ఫైల్స్ అనీ పూర్తిగా రాయండి."